పడవ నాటకంలో రెండో సగం

జూన్ 9

అమ్మాయికి,

నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులు కూడా దొర్లుతాయి, ఏమీ అనుకోకు. మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఫోనులో అయితే తప్పులు కనబడవు గానీ, ఫోనులో నేను "ఊ" తప్ప ఏమీ అననని నువ్వే కదా ఉత్తరం రాయమన్నావు.

నేను బాగున్నాను. నీ కూతురు పిడుగు బాగుంది. బడికి పోతోంది. ముందు పన్ను ఊగుతోంది, చెయ్యి పెట్టనివ్వదు. మీ అమ్మ ఉంటే దారం కట్టి లాగేసేది. నాకు ధైర్యం లేదు.

ఒక చిక్కు వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

మా హాల్లో పడవ నాటకం మళ్ళీ ఆడుతున్నారు. ఆ పాత సంగీత నాటకమే, మాటలకంటే పాటలు ఎక్కువుండేది. పిడుగు బడివాళ్ళు చిన్న తరగతుల పిల్లలందరినీ దానికి తీసుకొస్తామన్నారు. అందులో పిల్లలు జడుసుకునే ఘట్టం ఉందని ఎవరో తల్లిదండ్రులు గొడవ చేశారట. పెద్ద పంతులమ్మగారు మా మేనేజరును కనుక్కోవడానికి వచ్చింది. నేను అప్పుడు తలుపు దగ్గర బల్ల తుడుస్తున్నాను. మేనేజరు నన్ను చూపించి, "మమ్మల్ని అడగడం ఎందుకండీ? ఇదుగో మా పెద్దాయన. ఈ నాటకం మొదలైన రోజునుంచీ తలుపు దగ్గర ఈయనే. ఇంట్లో మనవరాలిదీ అదే ఈడు. ఈయన సరే అంటే సరే, వద్దంటే వద్దు" అన్నాడు.

ఆవిడ నావైపు తిరిగి, "అయితే మీరే చెప్పాలి తాతగారూ. పిల్లలకు తగునా, తగదా? ఆలోచించుకుని సమావేశానికి రండి" అంది.

నేను "ఊ" అన్నాను.

అమ్మాయీ, అసలు సంగతి ఏమిటంటే ఆ నాటకం నేను ఎప్పుడూ చూడలేదు. మా హాలు పద్ధతి నీకు తెలుసుగా. మూడో గంట కొట్టగానే తలుపు మూసి గడియ పెట్టాలి. విశ్రాంతి దాకా లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. మంత్రిగారైనా అంతే. ఆ గడియ నాది. నేను గడియకు బయట స్టూలు మీద ఉంటాను. నాకు ఆ నాటకం చప్పుళ్ళుగానే తెలుసు. పడవ పాట వస్తుంది. తరవాత కొయ్య మూత పడ్డట్టు దబ్బుమని చప్పుడు. హాలంతా "అయ్యో" అంటుంది. అంతలో విశ్రాంతి గంట. విశ్రాంతి తరవాత సగంలో ఎందుకో జనం విరగబడి నవ్వుతారు. లోపల ఏం జరుగుతుందో భగవంతుడికే తెలియాలి. ఇన్నేళ్ళ తరవాత ఎవరినైనా కథ అడిగితే నవ్విపోతారు.

నువ్వు చిన్నప్పుడు మీ అమ్మతో వచ్చి చూశావు. ఏడుస్తూ బయటికి వచ్చి నా కోటు బొత్తాలు పట్టుకుని వదల్లేదు. అది నాకు బాగా గుర్తు. ఎందుకు అంతగా ఏడ్చావో రాయి. ఇప్పుడు నువ్వూ తల్లివి, పసిపిల్లలు దేనికి తల్లడిల్లుతారో నాకంటే నీకే బాగా తెలుసు.

పిడుగు రోజూ నీ సంగతి అడుగుతుంది. నువ్వు చెప్పమన్నట్టే "వచ్చే ఆదివారం" అంటున్నాను.

మీ నాన్న


జూన్ 15

నాన్నా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. అడగాలనుకున్నది సూటిగా అడగొచ్చుగా? నాటకం పేరు పెట్టి ఎత్తిపొడవడం దేనికి? "నువ్వూ తల్లివి, పసిపిల్లలు దేనికి తల్లడిల్లుతారో నీకే తెలుసు" అన్నావు. తెలుసు నాన్నా. పిల్లని నీ దగ్గర వదిలి నర్సు చదువుకు వచ్చినదాన్ని, నాకు తెలియదా? ఆయన పోయాక మనిద్దరం కూర్చుని అనుకున్నదేగా ఇది. అప్పుడూ నువ్వు "ఊ" అన్నావు. ఆ "ఊ" వెనక ఏముందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక్కడ నేనేమీ సుఖంగా లేను. మా హాస్టలు గదికి కిటికీ ఉంది గానీ తెరిస్తే ఎదురుగా గోడ. మంచానికీ మంచానికీ మధ్య పక్కగా నడవాలి. వార్డెనమ్మకు సెలవు అనే మాట వినబడదు. మధ్యలో వదిలి వస్తే చదువు మళ్ళీ మొదటినుంచీ. వదల్లేను, ఉండలేను. కక్కలేక మింగలేక ఉన్నాను.

ఇక నాటకం. నిజంగా నీకు తెలియకపోతే విను. ఒక తల్లీ, కూతురూ. తండ్రి లేడు. తల్లి పని వెతుక్కుంటూ పడవెక్కి పోతుంది. "పడవా పడవా మెల్లగ పో, గట్టున దీపం ఆరకముందే మళ్ళీ రా" అని పాడి మరీ పోతుంది. కూతురు ఇంటి యజమానురాలికి భయపడి పెద్ద కొయ్య పెట్టెలో దాక్కుంటుంది. మూత పడిపోతుంది. తల్లి రాదు. అదీ కథ.

ఇది మన పిడుగుకు చూపిస్తావా? తగదని చెప్పు. ఆలోచించేదేముంది అందులో? పసిపిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టి, తలుపు గడియపెట్టి, మీ అమ్మలు పోతారు, రారు అని పాటలు పాడి చెప్పడమా? వద్దంటే వద్దని చెప్పు. ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పు నాన్నా.

ఆదివారం మాట మాత్రం మార్చకు. రైలు దగ్గర అది నా చీర కొంగు వదలకపోతే నోటికొచ్చింది అనేశాను. ఇప్పుడు నిజం చెబితే తట్టుకోలేదు. ఏడాది అంటే దానికి ఏం తెలుస్తుంది?

నీ కూతురు


జూన్ 21

అమ్మాయికి,

నిన్ను ఎత్తిపొడవలేదమ్మా. నాకు అంత తెలివి ఎక్కడిది? అడిగినది నాటకం గురించే. రాసేటప్పుడు మాట కుదరలేదు. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేశాను.

సమావేశానికి వెళ్ళాను. తగదని చెప్పాలనే వెళ్ళాను. దారిపొడుగునా ఆ మాటే గొణుక్కుంటూ నడిచాను. కొళాయి బాగుచేసే అతను ఎదురై, "ఎవరిని తిడుతున్నావు పెద్దాయనా?" అన్నాడు.

మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. నాకు కుర్చీ వేశారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. నా వెనక బీరువా, ముందు బల్ల, పక్కన గోడ. లేద్దామన్నా మేనేజరు లేస్తేగానీ దారి లేదు. పెద్ద పంతులమ్మగారు, "పిల్లలు పడవ పాట నేర్చేసుకున్నారు తాతగారూ. బడంతా అదే పాట. ఇప్పుడు లేదంటే మేం మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మీ మనవరాలైతే మా అందరికంటే బాగా పాడుతుంది" అంది. మేనేజరు, "ఒకటే ఇబ్బంది. మధ్యాహ్నం భోజనాలకి పిల్లలు బడికి చేరాలట. కనక విశ్రాంతి దాకా వేసి ఆపేద్దాం. మంచి పాటలన్నీ ముందు సగంలోనే ఉన్నాయి. ఏం పెద్దాయనా, అంతేగా?" అన్నాడు.

నా గొంతులో మాట ఉంది. గొంతులోనే ఉంది. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నేను "ఊ" అన్నాను. మేనేజరు బల్ల చరిచి, "చూశారా, మా పెద్దాయన ఒప్పుకున్నాడు" అన్నాడు. ఆవిడ నాకు దండం పెట్టింది. ఆవిడ నాకు దండం పెట్టాక ఇంకేమనను?

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇప్పుడు కాదంటే, మీ తాతే ఆపించాడట అని పిల్లలు పిడుగును సాధిస్తారు. అవునంటే నువ్వు బాధపడతావు.

ఇంకొకటి కూడా రాయాలి. దాచితే తప్పు.

బడిలో పాటతోపాటు కథ కూడా చెప్పారు కాబోలు. మీ అమ్మ దుప్పట్లు పెట్టుకునే కొయ్య పెట్టె ఉంది చూడు, పిడుగు దాన్ని ఖాళీ చేసింది. దుప్పట్లన్నీ నా మంచం మీద పడేసింది. బడినుంచి రాగానే అందులో కూర్చుని మూత దించుకుంటుంది. మూత పూర్తిగా పడకుండా నా చెప్పు ఒకటి సందులో అడ్డం పెట్టాను. ఇప్పుడు ఇంట్లో ఒక చెప్పుతోనే తిరుగుతున్నాను.

"బయటికి రా, తిందువుగాని" అన్నాను.

"నేను రాకూడదు. అమ్మ వచ్చి మూత తియ్యాలి."

"నేను తీస్తాలే."

"నువ్వు తీస్తే లెక్కలోకి రాదు తాతా. నువ్వు అమ్మవా?"

కంచం పెట్టె పక్కన పెట్టాను. సందులోంచి చెయ్యి వచ్చి తీసుకుంది. పోయిన ఆదివారం పొద్దున్న లేవగానే అందులోకి వెళ్ళి కూర్చుంది. చీకటి పడ్డాక నిద్రపోతే ఎత్తుకుని మంచం మీద వేశాను. మళ్ళీ ఆదివారం వస్తోంది. నాకు ఆ రోజు తలుచుకుంటే భయంగా ఉంది.

ఏం చెయ్యమంటావు?

మీ నాన్న


జూన్ 26

నాన్నా,

నీ "ఊ" మన కొంప ముంచుతుంది. ఒప్పుకోకుండానే ఒప్పుకునేవాడు లోకంలో నువ్వొక్కడివే ఉంటావు. పంతులమ్మగారికి నేనే రాద్దామని కూర్చున్నాను. సగం రాసి చించేశాను. ఎందుకో చెబుతాను.

ఆవిడకు కథంతా రాసి, ఇందుకే తగదు అని వివరంగా చెబుదామనుకున్నాను. పెట్టె మూత పడేదాకా రాశాను. ఆ తరవాత ఏమవుతుంది? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. అప్పుడు తట్టింది. గుర్తు రావడానికి నేను చూస్తేగా! ఆ రోజు ఇంటికి చివరి బస్సు తప్పిపోతుందని అమ్మ విశ్రాంతిలోనే నన్ను లేపి తీసుకొచ్చేసింది. పిల్ల పెట్టెలోనే ఉంది. నేను వెళ్ళనని ఏడ్చాను. నీ కోటు పట్టుకున్నది అందుకే నాన్నా. భయపడి కాదు. తలుపు నీ చేతిలో ఉంది కదా, మళ్ళీ లోపలికి పంపిస్తావని. నువ్వేమో నన్ను ఎత్తి అమ్మ చంకకి ఇచ్చావు. మళ్ళీ ఎప్పుడూ హాలుకి రానివ్వలేదు.

తల్లి రాదని నీకు రాసేశాను చూడు, అది నేను అల్లుకున్నదే. అల్లుకున్నానని కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల నా మటుకు పెట్టెలోనే ఉంది.

ఆ మూత తీశారా నాన్నా? నీకు తెలియదు కదూ. నువ్వు బయట ఉన్నావు. నేను సగంలో వచ్చేశాను. తండ్రీ కూతుళ్ళం ఇద్దరం కలిసినా ఒక నాటకం కాలేదు.

పిడుగు పెట్టెలో కూర్చుంటోందని చదివాక వార్డులో చెయ్యి ఆడటం లేదు. నిన్న మా పెద్ద నర్సు, "మనసు ఎక్కడ పెట్టి వచ్చావమ్మా?" అని కసిరింది. ఎక్కడ పెట్టానో ఆవిడకు చెప్పలేదు. ఆ చెప్పు మాత్రం తియ్యకు. నీకు కొత్త జత కొనిపెడతాను.

తగునో తగదో నాకు ఇక తెలియదు. నీకు ఏం తోస్తే అది చెప్పు. నేను ఏమీ అనను.

నీ కూతురు


జూలై 4

అమ్మాయికి,

ఈసారి పొడుగ్గా రాస్తున్నాను. నీ ఉత్తరం అందిన రోజే మేనేజరు దగ్గరికి పోయి, ఇవాళ ఆట నేను లోపల కూర్చుని చూస్తానన్నాను. "ఇన్నేళ్ళు చూసింది చాలలేదా?" అన్నాడు. "ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాను. నోరు తెరిచాడు. కాసేపు నవ్వాడు. తరవాత ఏమనుకున్నాడో, నా స్టూలు మీద తనే కూర్చుని టిక్కెట్లు చింపాడు. సరిగ్గా చింపడం రాదు అతనికి. సగానికి చింపమంటే మూల తుంచుతాడు.

వెనక వరసలో చివర కూర్చున్నాను. మూడో గంట కొట్టారు. గడియ పడింది. ఆ చప్పుడు లోపలివైపునుంచి వినడం అదే మొదలు. అమ్మాయీ, లోపలికి అది చాలా పెద్దగా వినిపిస్తుంది. ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

నువ్వు చెప్పిన ముందు సగం నువ్వు చెప్పినట్టే ఉంది. తల్లి పోయింది, మూత పడింది, అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. విశ్రాంతిలో లేచి వెళ్ళిపోదామనిపించింది. నువ్వు అడిగావు కదా అని కూర్చున్నాను.

మూత తీశారమ్మా.

తల్లి వస్తుంది. చాలా ఆలస్యంగా వస్తుంది. బట్టలు మారిపోయాయి, మనిషి చిక్కిపోయింది, గొంతు బొంగురుపోయింది. "తియ్యవే, అమ్మనొచ్చాను" అంటుంది. పెట్టెలో పిల్ల నమ్మదు. "అమ్మవైతే పాట పాడు" అంటుంది. తల్లి పాడుతుంది. అయితే అన్నాళ్ళు పనిలో పడి పాట మరిచిపోయింది పాపం. "పడవా పడవా గబగబ పో" అంటుంది. లోపలినుంచి పిల్ల, "గబగబ కాదు, మెల్లగ!" అని అరుస్తుంది. అరిచినప్పుడు మూత ఇంత పైకి లేస్తుంది. తల్లి మళ్ళీ మొదలుపెట్టి "గట్టున గేదె ఆరకముందే" అంటుంది. "దీపం! గేదె ఎలా ఆరుతుంది?" అని పిల్ల. మూత ఇంకొంచెం లేస్తుంది. హాలు విరగబడి నవ్వింది. బయట నేను ఇన్నేళ్ళు విన్న నవ్వు అదే. తల్లి తప్పు పాడటం, పిల్ల దిద్దడం. ఆఖరుకి దిద్దలేక పిల్ల తనే మూత తోసుకుని లేచి నిలబడి పాటంతా పాడుతుంది. తల్లి చెయ్యి మూతని తాకనే తాకదు.

బయటికి వచ్చేసరికి మేనేజరు, "ఏం పెద్దాయనా, కళ్ళు ఎర్రబడ్డాయి?" అన్నాడు. "లోపల దుమ్ముగా ఉంది, ఊడ్పించండి" అన్నాను.

మర్నాడు బడికి వెళ్ళాను. మేనేజరును కూడా రమ్మన్నాను. పెద్ద పంతులమ్మగారి గదిలో నిలబడే చెప్పాను. కూర్చుంటే నాకు మాట రాదని తెలిసిపోయింది. "పిల్లలకు అంతా చూపిస్తే తగును. సగం చూపిస్తే తగదు" అన్నాను.

మేనేజరు, "మొన్న ఊ అన్నావుగా?" అన్నాడు.

"వింటున్నానని అన్నాను. ఒప్పుకున్నానని కాదు."

ఆవిడ కళ్ళజోడు తీసి, "భయం పుట్టించేది ముందు సగమే కదా, దాన్ని తీసేసి తక్కింది చూపిస్తే?" అంది. "మూత పడకపోతే తియ్యడానికి ఏముంటుందమ్మా?" అన్నాను. "పెట్టెలో పిల్లని వదిలేసి పిల్లల్ని బస్సెక్కిస్తే, ఆ పిల్ల వీళ్ళతోపాటు ఇళ్ళకి వస్తుంది. మా ఇంటికి ఇప్పటికే వచ్చింది" అని కూడా అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మరి భోజనాలు?" అన్నాడు మేనేజరు. "హాల్లోనే తింటారు" అన్నాను. "హాల్లో తినకూడదని అందరి చేతుల్లో పొట్లాలు లాక్కునేది నువ్వే కదయ్యా!" "ఆ ఒక్కరోజు లాక్కోను" అన్నాను. ఆవిడ నవ్వింది. వచ్చే శనివారం అంతా చూపిస్తున్నారు. గడియ కూడా పెట్టను. తలుపు సందులో చెప్పు అడ్డం పెట్టి కూర్చుంటాను. ఏడుపొచ్చిన పిల్ల నా దగ్గరికి వచ్చి, ఏడుపు ఆగాక మళ్ళీ లోపలికి పోవచ్చు. ఆనాడు నిన్ను మళ్ళీ లోపలికి పంపించలేదు, వీళ్ళనైనా పంపిస్తాను.

ఇంతవరకు రాసింది తేలిక. ఇప్పుడు రాసేది చదివి నన్ను తిట్టు.

ఆదివారం పొద్దున్న పిడుగు పెట్టెలోకి పోయింది. నేను నేల మీద పక్కన కూర్చున్నాను. ఇవాళ అమ్మ రాదని చెప్పాను. వచ్చే ఆదివారమూ రాదన్నాను. నర్సు చదువు అయ్యేదాకా రాదు, నీకు బడిలో తరగతి మారి కొత్త పుస్తకాలు వచ్చాక వస్తుంది అన్నాను. తరవాత ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నన్ను అబద్ధాలకోరు తాత అంది. అది నిజమే కదా, "ఊ" అన్నాను. నా చెప్పు తీసి నామీదికి విసిరింది. మూత పడిపోతుందని నేను చెయ్యి పెట్టాను. వేళ్ళు నలిగాయి, పెద్ద దెబ్బేమీ కాదు. రాత ఇంకా వంకర పోవడానికి కారణం అదే.

కాసేపటికి మూత లేచింది. "అంతవరకు ఇందులో ఉండలేను. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి" అంటూ బయటికి వచ్చి నా వేళ్ళు ఊదింది. ఊదుతుంటే ఊగే పన్ను ఊడి నా అరచేతిలో పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

అంతా బాగైపోయిందని కాదు. సాయంత్రాలు ఇంకా కాసేపు ఆ పెట్టెలో కూర్చుంటుంది. అయితే మూత వెనక్కి వాల్చి, తెరిచే ఉంచుతుంది. నాటకం రెండో సగం కథ చెబితే విని, నిన్ను ఒక మాట అడగమంది. అడగనా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. "అమ్మ కూడా పాట మరిచిపోతుందా తాతా?" అంది.

అందుకని నీకు ఒక పని చెబుతున్నాను. ఉత్తరం ఇకనుంచి నాకు రాయకు, దానికి రాయి. కూడబలుక్కుని చదువుతుంది, రాని మాట నేను చెబుతాను. నిజంగా ఎప్పుడు వస్తావో నీ చేత్తో రాయి. కింద పడవ పాట రాయి. రెండు చోట్ల తప్పుగా రాయి. దిద్దడానికి అది పెన్సిలు చెక్కి పెట్టుకుని కూర్చుంది.

త్వరగా జవాబు రాయమ్మా.

మీ నాన్న